పెరటి కోడి, దాని గుడ్డు: కొన్ని అపోహలు

తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనీ, తన కుంపటి లేనిదే ఊళ్లో పొయ్యి రాజదనీ నమ్మిన ముసలమ్మ కథ తెలియని తెలుగువారు అరుదు. ఆమెను చూచి అందరూ నవ్వుతారు. కాని పుంజుకు లేని గొప్పతనమును అంటగట్టుటలో చాలామంది ఆమెకు తీసిపోరు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డే పెట్టదని చదువుకొన్నవారు కూడ అనుకొంటారు. దాని నుండి మరొక నమ్మకము పుట్టింది: ప్రతి గుడ్డులోను ఒక పిల్ల దాగి ఉంటుందని. ఈ రెండూ పొరపాట్లే. గుడ్డు ఏ విధముగా తయారవుతుందో తెలిస్తే ఇవే కాక, మరికొన్ని అపోహలు కూడ వాటంతట అవే తొలగిపోతాయి.

పెట్ట శరీరములో సాధారణముగా ఎడమవైపు అండాశయము ఒక్కటే పనిచేస్తుంది. అందులో చిన్నవి, పెద్దవి పచ్చసొనలు ద్రాక్షగుత్తివలె వ్రేలాడుతూ ఉంటాయి. పగటి వెలుతురు తగినంతసేపు సోకినప్పుడు మెదడు క్రింద ఉన్న పీయూష గ్రంథి కొన్ని రసములను రక్తములోనికి వదలుతుంది. వాటి ప్రేరణవలన పచ్చసొనలు ఒకదాని తరువాత ఒకటి పక్వమవుతాయి. గుడ్లు పెట్టించేది ముఖ్యముగా వెలుతురు, మేత, వయస్సు, పుంజు కాదు. కోళ్ల ఫారములలో రాత్రివేళ దీపములు వెలిగించేది ఇందుకే.

పక్వమైన పచ్చసొన విడివడి అండవాహిక నోటిలో పడుతుంది. అక్కడ అది ఉండేది పావుగంట సేపు మాత్రమే. పుంజు శుక్రకణము వచ్చి కలియవలెనంటే ఆ కొద్దిసేపటిలోనే కలియాలి. కలిసినా, కలియకపోయినా పచ్చసొన ముందుకు సాగిపోతుంది. తరువాతి భాగములో సుమారు 3 గంటలు ఉండి తెల్లసొనను కప్పుకొంటుంది. ఆ పైన గంటకు కొంచెము ఎక్కువగా పట్టి రెండు పలుచని పొరలు ఏర్పడతాయి. చివరకు పెంకు తయారయ్యే గదిలో దాదాపు 20 గంటలు గడుపుతుంది. మొత్తముమీద ఒక గుడ్డుకు 24 నుండి 26 గంటలు పడుతుంది. అందుచేతనే నిన్న ఉదయము గుడ్డు పెట్టిన కోడి నేడు కొంచెము ఆలస్యముగా పెడుతుంది. కొన్నాళ్లకు మధ్యాహ్నము వరకు జరిగి, ఒకనాడు అసలే పెట్టదు. దానికి దిష్టి తగలలేదు, లెక్క అంతే.

ఇందులో ఒక వింత ఉన్నది. పుంజుతో కలిసిన తరువాత శుక్రకణములు పెట్ట అండవాహికలోని సన్నని గొట్టములలో చాల రోజులు సజీవముగా నిలువ ఉంటాయి. పుంజును అమ్మివేసిన తరువాత కూడ వారము పది రోజుల వరకు పెట్టిన గుడ్లు పిల్లలు కావచ్చును. పుంజు లేకుండగనే పిల్లలు దిగినవని కొందరు చెప్పే కథల వెనుక ఉన్న రహస్యము ఇదే.

అయితే పిల్ల తయారయ్యేది దేని నుండి? పచ్చసొనయే పిల్ల అవుతుందని చాలామంది అభిప్రాయము. నిజానికి పచ్చసొన పిల్లకు ఆహారము మాత్రమే. పచ్చసొన మీద చిన్న తెల్లని చుక్క ఒకటి ఉంటుంది. పిల్లకు మూలము ఆ చుక్క. దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. అంగడిలో కొన్న ఫారం గుడ్డును ఒక పళ్లెములోను, పుంజు తిరిగే పెరటిలోని గుడ్డును మరొక పళ్లెములోను పగులగొట్టి, భూతద్దముతో పరిశీలింపజేయాలి. మొదటిదానిలో చుక్క గట్టిగా, తెల్లగా, అంచులు వంకరగా కనబడుతుంది. రెండవది ఫలించిన గుడ్డయితే అది కొంచెము పెద్దదిగా, గుండ్రముగా, చుట్టు ఉంగరమువలె కనబడుతుంది. ఫారములలో గుడ్ల కొరకు పెంచే పెట్టల మధ్య పుంజులను ఉంచరు. కాబట్టి ఆ గుడ్లను ఎన్నాళ్లు పొదిగించినా పిల్ల రాదు.

ఈ విషయము వట్టి వినోదము కొరకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను పాఠశాలల మధ్యాహ్న భోజనములో పిల్లలకు గుడ్డు పెడుతున్నారు. దానిలో 6 గ్రాముల వరకు మంచి మాంసకృత్తులు ఉంటాయి. పిల్లను చంపి తిన్నట్లే అని భయపడి దానిని ప్రక్కకు నెట్టే బాలుడు లేని ప్రాణిని తలచుకొని ఉన్న ఆహారమును వదలుకొంటున్నాడు. గాంధీగారు 1942లో ఆరోగ్యమును గురించి వ్రాస్తూ, ఫలించని గుడ్డు పిల్ల కాదనీ, పాలు త్రాగేవారికి దానిపై అభ్యంతరము ఉండనక్కరలేదనీ అభిప్రాయపడినారు. ఇంటి ఆచారమునుబట్టి గుడ్డు తినని వారిని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. కోళ్ల పెంపకములో హింస ఉన్నదా అనేది కూడ వేరే ప్రశ్న. దానిని విడిగా చర్చించవలసిందే.

పచ్చసొన మీద ఎర్రని రక్తపు చుక్క కనబడితే గుడ్డు ఫలించినదని చెప్పుట మరొక పొరపాటు. పచ్చసొన విడివడేటప్పుడు సన్నని రక్తనాళము చిట్లుటయే సాధారణముగా దానికి కారణము. పుంజు ముఖము చూడని పెట్ట గుడ్డులో కూడ అది రావచ్చును. ఆ చుక్కను తీసివేసి, గుడ్డును ఉడికించి తినవచ్చును. అయితే పెరటి గుడ్ల విషయములో ఒక జాగ్రత్త అవసరము. ఫలించిన గుడ్డు పొదుగుటకు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. కాని 21 డిగ్రీలు దాటితే చాలు, పెరుగుదల కొంచెము మొదలుకావచ్చును. మన వేసవిలో గంపలో నాలుగు రోజులు మరచిన గుడ్లలో అట్లా మొదలైన పిండము మధ్యలో చనిపోయి గుడ్డు చెడిపోతుంది. గుడ్లను ఏ రోజుకారోజు తీసి చల్లని చోట ఉంచాలి.

కోలగా, మొన తేలిన గుడ్డులో పుంజు, గుండ్రని గుడ్డులో పెట్ట ఉంటాయని పొదుగు వేసేటప్పుడు గుడ్లను ఏరేవారు ఉన్నారు. పక్షులలో పిల్ల ఆడదో, మగదో నిర్ణయించేది తల్లి బీజకణము. ఆ నిర్ణయము పచ్చసొన విడివడే వేళకే జరిగిపోతుంది. ఆకారము ఏర్పడేది గంటల తరువాత.

ఇక రంగు. గోధుమరంగు పెంకు ఉంటే నాటు గుడ్డు అని, బలమైనదని ఎక్కువ వెల పెట్టి కొంటారు. పెంకు ప్రధానముగా కాల్షియం కార్బొనేట్. గోధుమరంగును ఇచ్చే వర్ణద్రవ్యము చివరి గంటలలో దానిపై పడే పూత వంటిది. అది కోడి జాతిని తెలుపుతుంది, లోపలి బలమును కాదు. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన డైరెక్టరేటు పెరటి పెంపకము కొరకు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు కూడ గోధుమరంగు గుడ్లే పెడతాయి. పచ్చసొన ముదురు రంగు మేతలోని ఆకుకూరలు, గడ్డి, పచ్చ మొక్కజొన్నల వలన వస్తుంది. కొన్ని ఫారములలో బంతిపూల సారమును మేతలో కలిపి అదే రంగు తెప్పిస్తారు! ఆరుబయట తిరిగిన కోడి గుడ్డులో కొన్ని మేలైన కొవ్వులు ఎక్కువగా ఉండవచ్చును. మాంసకృత్తులలో చెప్పదగిన భేదము లేదు. పైగా నాటు గుడ్డు చిన్నది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న ఇల్లాలు నాటు గుడ్డు దొరకలేదని పిల్లలకు గుడ్డే మానిపించుట అన్యాయము.

పచ్చిగుడ్డు త్రాగితే బలమని వ్యాయామశాలలలో గట్టి నమ్మకము. 1998లో ప్రచురించిన బెల్జియము పరిశోధనలో, ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తులు నూటికి 91 పాళ్లు జీర్ణము కాగా, పచ్చిగుడ్డులోనివి 51 పాళ్లు మాత్రమే జీర్ణమైనవి. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థము బయోటిన్ అనే విటమినును కూడ పట్టి ఉంచుతుంది. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవుల ప్రమాదము ఉండనే ఉన్నది. గుడ్లను కడిగి దాచుట కూడ మంచిది కాదు. పెంకుకు వేలకొలది సూక్ష్మరంధ్రములు ఉంటాయి. వాటిని మూసి ఉంచే సహజమైన పూత కడిగితే పోతుంది. మురికిని పొడిగుడ్డతో తుడిచి, వండే ముందు కడుగుకొంటే సరిపోతుంది.

పెద్దలు చెప్పేవన్నీ అపోహలు కావు. గుడ్డును నీటిలో వేసి చూచే పాత అలవాటు సరియైనదే. రోజులు గడచినకొద్దీ రంధ్రముల గుండా నీరు ఆవిరై పోయి, లావు కొనలోని గాలిగది పెరుగుతుంది. తాజా గుడ్డు అడుగున పడుకొంటుంది, పాతది నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. అయితే ఈ పరీక్ష వయస్సును చెబుతుందే కాని, అడుగున ఉన్న గుడ్డులో రోగక్రిములు లేవని చెప్పదు.