పిల్లల జ్వరం – "పరిశోధనలో తేలింది" అంటే ఎంతవరకు నమ్మాలి?

"మందు వేశాము, జ్వరం తగ్గింది." పులికాట్ సరస్సు ఒడ్డున సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలలో ఈశాన్య ఋతుపవనపు వానలు పట్టిన రోజులలో ప్రతి సంవత్సరం నేను వినే మాట ఇది. మందు మాత్రం ఇంటికొకటి. ఒకరు తులసి కషాయం పోస్తారు, ఒకరు దుకాణంలో అడిగి తెచ్చిన సిరప్పు పోస్తారు, మరొకరు తాయెత్తు కడతారు. మూడిండ్లలోనూ జ్వరం తగ్గుతుంది. ఈ మధ్య దీనికి ఇంకొక మాట తోడయింది: "పరిశోధనలో తేలిందట కదండీ!" ఆ పరిశోధన ఎటువంటిది అని అడిగేవారు అరుదు. మందు సీసా మీద గడువు తేదీ చూచుకొనే తల్లి పరిశోధనను కూడా పరీక్షించి చూడగలదు. దానికి పెద్ద చదువులు అక్కరలేదు.

మొదట జ్వర స్వభావం తెలియాలి. చరకుడు తరుణజ్వరంలో లంఘనం, స్వేదనం, జావ మొదలైనవి చెప్పి, కషాయాలకు తొందరపడవద్దన్నాడు. జ్వరానికి తనదైన గతి ఉన్నదని, కొన్ని దినాలకు అది పక్వమవుతుందని ఆయన ఎరుగును. నేటి వైద్యులు కూడా పిల్లల జ్వరాలలో అధిక భాగం వైరస్ వల్ల వచ్చేవేనని, కొద్ది దినాలలో వాటంతటవే పోతాయని చెబుతున్నారు. తల్లి బిడ్డను వైద్యుని వద్దకు తెచ్చేది జ్వరం బాగా ఎక్కిన రెండవ నాడో, మూడవ నాడో. ఆ నాడు ఏమి ఇచ్చినా మరునాటికి కొంత తగ్గుతుంది. రోగమేమో తెలియకుండా చికిత్స మొదలుపెట్టిన వైద్యునికి కలిగే సిద్ధి యాదృచ్ఛికమని చరక సంహిత సూత్రస్థానంలో ఉన్నది. గురుకులంలో ఆ శ్లోకం వల్లె వేయించిన తరువాత మా గురువుగారు అడిగే ప్రశ్న ఒకటే: "నీ మందు పోయకపోతే ఏమయ్యేదిరా?"

పరిశోధనను అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే. మందు తీసికొన్న పిల్లలతో పోల్చడానికి, అది తీసికొనని పిల్లల జట్టు, లేదా వేరొక మందు తీసికొన్న జట్టు ఉన్నదా? ఏ బిడ్డ ఏ జట్టులో చేరాలో చీట్లు వేసినట్లు నిర్ణయించారా, లేక తేలికగా ఉన్నవారిని తమ మందుకు ఏరుకొన్నారా? బాగా చేసిన పరిశోధన ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఆరు నెలలు మొదలు ఆరు సంవత్సరాల లోపు పిల్లలు 156 మందిని తీసికొని, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మందులను విడివిడిగానూ, కలిపి కూడా ఇచ్చి చూచారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దీనిని ప్రచురించింది. ప్రతి తల్లికీ రెండు సీసాలు ఇచ్చారు. కొందరికి రెండింటిలోనూ మందే, కొందరికి ఒకదానిలో మందు లేని ద్రవం. ఏది ఏదో తల్లికీ తెలియదు, చూచే నర్సుకూ తెలియదు. "నా బిడ్డకు గట్టి మందు పడింది" అన్న ధైర్యం తల్లి కంటికి అడ్డుపడకుండా ఈ ఏర్పాటు.

ఫలితం చూడండి. పారాసిటమాల్ ఒక్కటే ఇచ్చిన వారికంటే రెండూ ఇచ్చిన పిల్లలు మొదటి నాలుగు గంటలలో సుమారు 55 నిమిషాలు ఎక్కువసేపు జ్వరం లేకుండా ఉన్నారు. పత్రికలో శీర్షికకు ఇది చాలును. కాని రెండు దినాల తరువాత బిడ్డ నలత ఎంత తగ్గిందని చూస్తే, జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పైగా నూటికి 8 మంది పిల్లలకు పారాసిటమాల్, 11 మందికి ఐబుప్రొఫెన్ ఒక దినంలో ఇవ్వవలసిన మోతాదుల సంఖ్యను మించిపోయాయి. థర్మామీటరులోని అంకె తగ్గడం వేరు, బిడ్డ లేచి ఆడుకోవడం వేరు. పరిశోధకులు ఏది కొలిచారో చూడకుండా ఫలితాన్ని నెత్తికెత్తుకోరాదు.

మరొక సంగతి. బ్రిస్టల్‌లో దోమకాటు జ్వరాల బెడద లేదు, మనకు డెంగ్యూ ఉన్నది. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావ భయం చేత ఇవ్వరాదు. అంటే ఎంత నిర్దోషమైన పరిశోధన అయినా అది ఏ ఊరి పిల్లల మీద జరిగిందో అడగాలి. దేశ కాలాలను చూచి చికిత్స చేయమని మన శాస్త్రం చెప్పింది ఇందుకే.

తడిగుడ్డ తుడపడం గురించి మన దేశంలోనే పరీక్ష జరిగింది. 2009లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో 150 మంది పిల్లలున్నారు. మందుతోపాటు గోరువెచ్చని నీటి గుడ్డతో తుడిస్తే మొదట వేడి త్వరగా దిగింది. రెండు గంటలకు రెండు జట్లూ సమానమైనాయి, తుడిచిన పిల్లలు మాత్రం ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ఇక్కడ మరుగు సాధ్యం కాదు, గుడ్డ తడి అందరికీ కనబడుతూనే ఉంటుంది. అయినా ఏడ్చే బిడ్డను పట్టుకొని తుడిచే అత్తగార్లు కొంచెం ఆగి ఆలోచించవచ్చును.

జ్వరం తగ్గిస్తే ఫిట్స్ రావన్న నమ్మకం కూడా గట్టిది. ఒకసారి జ్వరపు మూర్ఛ వచ్చిన 231 మంది పిల్లలను ఫిన్లాండులో గమనించి, 2009లో ఫలితం ప్రకటించారు. జ్వరం తగ్గించే మందులు మళ్ళీ మూర్ఛ రాకుండా ఆపలేకపోయాయి.

ఇక మన వైపు చూచుకొందాము. ముస్తలు, పిప్పళ్ళు, అతివస, కర్కాటకశృంగి కలిసిన బాలచతుర్భద్ర చూర్ణాన్ని నేను నలభై ఏళ్ళుగా ఇస్తున్నాను, దాని మీద నాకు విశ్వాసం ఉన్నది. అయితే నా విశ్వాసం రుజువు కాదు. ముప్పైమందికి ఇచ్చాము, ఇరవై ఎనిమిది మందికి తగ్గింది అని మనవారు వ్రాస్తే, ఇవ్వని ముప్పైమంది ఏరీ అని అడగడం శాస్త్రద్రోహమేమీ కాదు. 2021 మే నెలలో మాకు ఉత్తరాన కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందు కోసం వేలాదిగా జనం వచ్చిన సంగతి అందరికీ తెలుసును. తిరుపతి, విజయవాడ ఆయుర్వేద కళాశాలల వైద్యులు మందు తీసికొన్నవారికి ఫోన్లు చేసి వివరాలు సేకరించారు. మందులో హాని కనబడలేదని, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదని తేలింది. కంటి చుక్కలు మినహా పంపిణీకి ప్రభుత్వం అనుమతించింది. జనం మాత్రం "అనుమతి వచ్చింది" అన్న ముక్కనే విన్నారు. ఫోను ఎత్తి జవాబు చెప్పేది బ్రతికి బట్టకట్టినవారే కదా!

అల్లోపతి అయినా ఆయుర్వేదమైనా, మన దేశంలో మనుషుల మీద చేసే ఔషధ పరీక్షలను ముందుగా నమోదు చేసే పట్టిక ఒకటి 2007లో మొదలైంది. 2009 నుండి కొత్త మందుల పరీక్షలకు ఆ నమోదు తప్పనిసరి. ఏమి కొలుస్తామో ముందే వ్రాసి పెడితే, తరువాత అనుకూలమైనది ఏరుకొనే వీలుండదు.

చిన్న పరిశోధనలకు అందనిది అరుదైన హాని. ఆస్పిరిన్‌ను ఎన్నో ఏళ్ళు పిల్లల జ్వరానికి వాడారు. అమెరికాలో 1980 ప్రాంతంలో ఏడాదికి 555 వరకు కనబడిన రేయ్ సిండ్రోమ్ అనే ప్రమాదకర వ్యాధి, పిల్లలకు ఆస్పిరిన్ మాన్పించిన తరువాత, 1987 నుండి ఏడాదికి 36కు మించలేదు. నూటయాభై మంది పిల్లలలో ఇటువంటిది బయటపడదు. మన దేశంలో పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నిమెసులైడ్‌ను 2011లో నిషేధించారు. పాత సీసాలు, పాత చీటీలు ఇండ్లలో ఉంటే పారవేయండి.

ఏ పరిశోధన కోసమూ ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నవి. మూడు నెలల లోపు శిశువుకు జ్వరం వచ్చినా, బిడ్డ పాలు నీళ్ళు ముట్టకపోయినా, మూత్రం తగ్గినా, మగతగా పడి ఉన్నా, ఎగశ్వాస వచ్చినా, మూర్ఛ వచ్చినా, చిగుళ్ళ నుండి రక్తం వచ్చినా, జ్వరం దిగుతున్న వేళ కడుపునొప్పి, వాంతులు, చల్లని చేతులు కనబడినా, నా వద్దకు కాదు, నేరుగా ఆసుపత్రికి తీసికొని పోండి.