సుఖం కూడా వేదనేనా?

బౌద్ధం గురించి తెలుగులో మొదటిసారి చదివేవారికి పంచస్కంధాల దగ్గర ఒక సందేహం వస్తుంది. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే ఐదింటి కూడికే మనిషి అంటారు. ఆ వెంటనే వేదన మూడు విధాలనీ, వాటిలో మొదటిది సుఖవేదన అనీ ఉంటుంది. సుఖం వేదన ఎలా అవుతుంది? అచ్చుతప్పేమో అనిపిస్తుంది. కాదు. తొలి బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో ఆ మాటకు నొప్పి ఒక్కటే అర్థం కాదు. ఒంటికో మనసుకో తగిలి తెలియవచ్చే ప్రతిదీ అక్కడ వేదనే. చల్లగాలి తగిలితే సుఖవేదన, ముల్లు గుచ్చుకుంటే దుఃఖవేదన, ఇటూ అటూ కానిది అదుఃఖమసుఖ వేదన.

ఈ విశాలమైన అర్థం ఎక్కడినుంచి వచ్చింది? ధాతువులోనే ఉంది. సంస్కృత ధాతువుల పట్టిక అయిన పాణినీయ ధాతుపాఠంలో ‘విద్’ ఒకచోట కాదు, చాలాచోట్ల కనిపిస్తుంది. తెలుసుకోవడం, ఉండటం, పొందటం, విచారించటం అని గణానికో అర్థం చెప్పారు. వేదం, విద్య, విద్వాంసుడు తెలుసుకోవడం వైపు నుంచి వచ్చినవి. పదో గణంలోని ‘విద్’కు చేతన, ఆఖ్యానం, నివాసం అని మూడు అర్థాలిచ్చారు. అంటే అనుభవానికి రావడమూ, దాన్ని మరొకరికి చెప్పడమూ ఒకే ధాతువులో ఉన్నాయి. చెప్పడం వైపు నుంచి నివేదన వచ్చింది. ఆవేదనకూ సంస్కృతంలో తెలియజేయడమనే అర్థం. హిందీలో ఇప్పటికీ ‘ఆవేదన్’ అంటే దరఖాస్తు. అదే మాట మన దగ్గర గుండెకోత అయింది.

సంస్కృతంలోనూ వేదన మొదటినుంచీ బాధ కాదు. రామానుజులు శ్రీభాష్యంలో ‘వేదనం’ అన్నప్పుడు దాని అర్థం జ్ఞానం. అంతేకాదు, మోక్షానికి దారితీసే ఆ వేదనం, ఉపాసన, ధ్యానం ఒకటేనని ఆయన వాదం. నేటి తెలుగు అర్థంతో ఆ భాగం చదివితే మొత్తం తలకిందులవుతుంది.

బుద్ధుడికి ఇంత విశాలమైన మాట ఎందుకు కావలసివచ్చింది? ఆయన చెప్పిన కార్యకారణాల వరుసలో స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ పుడతాయి. తృష్ణ ఒక్క నొప్పి వల్లే పుట్టదు. హాయి కలిగితే అది ఇంకా కావాలనిపిస్తుంది, బాధ కలిగితే వదిలించుకోవాలనిపిస్తుంది. రెంటికీ వర్తించే మాట లేకపోతే ఆ వరుస అక్కడే తెగిపోతుంది. వేదన అంటే బాధ అనే అర్థంతో చదివితే బౌద్ధం ఏడుపుగొట్టు మతంలా కనిపిస్తుంది. ఆ అపప్రథలో కొంత పాపం ఈ మాటదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మాట మీద బుద్ధుడి కాలంలోనే ఒక తగువు వచ్చినట్టు మజ్ఝిమనికాయంలోని బహువేదనీయ సుత్తం చెబుతుంది. పంచకంగుడనే వడ్రంగి ఉదాయి అనే భిక్షువు దగ్గరికి వెళ్లి వేదనలు ఎన్ని అని అడుగుతాడు. మూడు అంటాడు ఉదాయి. రెండేనంటాడు వడ్రంగి. సుఖమూ దుఃఖమూ కానిది ప్రశాంతమైన సుఖమే కదా, దాన్ని వేరే లెక్కపెట్టడమెందుకని అతని వాదన. మూడుసార్లు చెప్పినా ఉదాయి అతన్ని ఒప్పించలేకపోయాడు, అతనూ ఉదాయిని ఒప్పించలేకపోయాడు. బుద్ధుడి శిష్యుడు ఆనందుడు ఈ సంభాషణ విని బుద్ధుడికి చెప్తే, ఇద్దరూ చెప్పింది సరైనదేనన్నాడు బుద్ధుడు. ఒక పద్ధతిలో రెండు, మరో పద్ధతిలో మూడు, అలాగే ఐదు, ఆరు, పద్దెనిమిది, ముప్పై ఆరు, నూట ఎనిమిది అని కూడా లెక్కించవచ్చన్నాడు. ఒంటికి సుఖదుఃఖాలు, మనసుకి సంతోషవిచారాలు, ఆ పైన ఉపేక్ష కలిపితే ఐదు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం, మనసు అనే ఆరు ద్వారాలను బట్టి ఆరు. ఒక వడ్రంగి అంత సూక్ష్మమైన విషయం మీద భిక్షువుతో సరిసమానంగా వాదించడం, గ్రంథం దాన్ని గౌరవంగా నమోదు చేయడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

జైనులు ఇదే మాటను కర్మసిద్ధాంతంలోకి తీసుకున్నారు. వారి ఎనిమిది కర్మల్లో మూడోది వేదనీయం. అందులో సుఖాన్ని అనుభవింపజేసేది సాతావేదనీయం, దుఃఖాన్ని అనుభవింపజేసేది అసాతావేదనీయం. ఇక్కడా మాట రెండు వైపులా ఉంది.

మరి నొప్పి వైపుకి ఎలా ఒరిగింది? చరకసంహిత శారీరస్థానం మొదటి అధ్యాయంలో ఆ ఒరగడం కనిపిస్తుంది. జరిగిపోయిన వేదన, ఇప్పుడున్న వేదన, రాబోయే వేదన, వీటిలో వైద్యుడు దేనికి చికిత్స చేస్తాడని అగ్నివేశుడు గురువును అడుగుతాడు. ఇక్కడ వేదన అంటే రోగబాధే. అదే అధ్యాయంలో మరికొంత ముందుకెళ్తే స్పర్శ సుఖదుఃఖ వేదనలను పుట్టిస్తుందని ఉంటుంది. ఒకే అధ్యాయంలో రెండు అర్థాలూ ఉన్నాయి. పాళీలోనూ ఇలాంటి చోట్లున్నాయి. చివరి వర్షావాసంలో వైశాలి దగ్గర బేలువ గ్రామంలో బుద్ధుడు జబ్బుపడినప్పుడు, ప్రాణం తీసేంత తీవ్రమైన వేదనలు కలిగాయని మహాపరినిబ్బాన సుత్తం అంటుంది. ఆ నొప్పిని తెలిపేది ‘తీవ్రమైన’ అనే విశేషణమే. రోగి ముందు, వైద్యుడి ముందు పదేపదే వాడగా విశేషణం అక్కర్లేకుండానే వేదన అంటే నొప్పి అయి ఉండాలి. హాయిగా ఉన్నవాడు తన అనుభవాన్ని ఎవరికీ చెప్పుకోవలసిన పనిలేదు కదా.

ఇది సంస్కృతంలోనే జరిగిన వింత కాదు. “అప్పుడు తెలిసొస్తుంది వాడికి!” అని మనం అన్నామంటే తెలిసొచ్చేది సుఖం కాదు. “చేసుకున్నది అనుభవిస్తున్నాడు” అన్నా అంతే. తెలియడం, అనుభవించడం రెండూ తటస్థమైన మాటలే, అయినా మన నోట కష్టం వైపుకే మొగ్గాయి. ‘కంపు’ సంగతీ అంతే: పాత తెలుగు కావ్యాల్లో సువాసన, కన్నడంలో ఇప్పటికీ సువాసనే, మనకు మాత్రం ఇప్పుడు దుర్వాసన.

పాళీ వెళ్లిన దేశాల్లోనూ ఇదే జరిగింది. సింహళంలో ‘వేదనావ’ అంటే నొప్పి. బర్మీస్‌లో వేదన అంటే బాధ, రుగ్మత. అది గలవాడని అర్థమొచ్చే మాటను అక్కడ రోగికి వాడతారు. థాయ్‌లో మరో మలుపు తిరిగి జాలి అయింది. పాళీని నెత్తిన పెట్టుకున్న దేశాల్లోనే జనం నోట అర్థం కుంచించుకుపోయింది. చైనీస్ అనువాదకులు మాత్రం శబ్దాన్ని వదిలేసి ‘స్వీకరించడం’ అనే అర్థమున్న తమ మాట పెట్టుకున్నారు కాబట్టి ఈ చిక్కులో పడలేదు. బర్మాలో పుట్టి పెరిగిన విపశ్యనాచార్యులు గోయెంకా హిందీ ప్రసంగాల్లో ‘సంవేదన’ అన్నారు. హిందీలో వేదన అంటే నొప్పే కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే.

తెలుగులో ఈ మాట ఇంకో అడుగు వేసింది. పన్ను నొప్పితో వెళ్లినవాడు డాక్టరుతో “వేదనగా ఉందండీ” అనడు. సలుపుతోందంటాడు, పోటంటాడు, జివ్వుమంటోందంటాడు, గుంజుతోందంటాడు. ఒంటి బాధకు ఇన్ని సొంత మాటలుండగా సంస్కృత పదానికి అక్కడ చోటు లేకపోయిందనుకుంటాను. ప్రసవవేదన లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప అది పూర్తిగా మనసుకే మిగిలింది.

కాబట్టి బౌద్ధ గ్రంథాల తెలుగు అనువాదాల్లో వేదన అని కనబడితే ‘అనుభూతి’ అని చదువుకోండి, వాక్యం సరిగ్గా కుదురుతుంది. అనువదించేవారికి ఒక మనవి. మూలపదాన్ని ఉంచాలనుకుంటే ఉంచండి, కానీ అది మొదటిసారి వచ్చిన చోటే ఒక వాక్యంలో దాని అర్థం చెప్పండి. సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే మిగతా స్కంధాలకూ ఈ సాయం చేయాలి. అవీ నేటి తెలుగులో వేరే అర్థాలతో తిరుగుతున్న మాటలే.