రెండు పక్షముల నడుమ నిలిచిన సేనాని: జనరల్ తిమ్మయ్య

సైన్యమున ఉన్నత పదవి నందిన అధికారి యనగానే యుద్ధములు గెలిచిన వీరుడని మనము తలంచుట సహజము. జనరల్ కె. ఎస్. తిమ్మయ్యగారు అట్టి వీరులే. అయినను వారికి దేశదేశములందు పేరు తెచ్చిన పని వేరు. ఒకరి నొకరు నమ్మని రెండు పక్షముల నడుమ, సాధ్యమైనంతవరకు తుపాకి ఎత్తకుండ నిలుచుటయే ఆ పని. ఊరిలో కక్షలు రేగినప్పుడు మధ్యస్థులుగా కూర్చుండు పంచాయతీ సభ్యులకు ఇందలి కష్టము తెలియనిది కాదు. కావున వారి చరిత్రలో ఆ భాగమును ఇచ్చట కొంత విపులముగా చెప్పుచున్నాము.

తిమ్మయ్యగారు 1906 మార్చి 31వ తేదీన కొడగుసీమలోని మడికేరిలో జన్మించిరి. డెహ్రాడూన్ సైనిక పాఠశాలలో చదివి, పిమ్మట ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు ఎంపికైరి. ఆ దినములలో అచ్చట భారతీయులకు ఏడాదికి పది స్థానములు మాత్రమే ఉండెడివి. 1926లో అధికారియై, కొంతకాలమునకు 19వ హైదరాబాదు రెజిమెంటులో చేరిరి. ఈ పేరు మన పాఠకులకు ఆసక్తి కలిగింపవచ్చును. నిజాము ఖర్చుతో, ఆంగ్లేయ అధికారుల క్రింద నడచిన హైదరాబాదు కంటింజెంటు దళములే ఈ రెజిమెంటునకు మూలము. కాలక్రమమున అందు కుమావూను కొండలవారును, జాట్లును, అహీరులును నిండిరి. హైదరాబాదు పేరు మాత్రము మిగిలెను. 1945లో దానిని కుమావూన్ రెజిమెంటుగా మార్చిరి.

ఇచ్చట సైన్యపు ఏర్పాటును గూర్చి ఒక మాట చెప్పుట అవసరము. సుమారు ఎనిమిది వందల మంది జవానులు గల దళము బెటాలియను. సామాన్యముగా మూడు బెటాలియన్లు కలిసిన ఒక బ్రిగేడు; మూడు బ్రిగేడులు కలిసిన ఒక డివిజను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున భారత సైన్యములోని జవానులు మనవారే యైనను, పై అధికారము దాదాపుగా ఆంగ్లేయుల చేతులలో ఉండెను. అట్టి సమయమున తిమ్మయ్యగారు బర్మా యుద్ధరంగమున మొదట బెటాలియనును, పిదప 36వ బ్రిగేడును నడిపిరి. ఆ యుద్ధమున శత్రువు నెదుట పదాతి బ్రిగేడును నడిపిన భారతీయులు వారే. మనవారికి ఇంతటి బాధ్యత మోయు శక్తి లేదన్న వాదమునకు అది చాలినంత సమాధానము.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి ఏడు కాశ్మీరు యుద్ధమున మేజర్ జనరల్ తిమ్మయ్యగారు 19వ డివిజనునకు నాయకులైరి. లడఖ్ రాజధాని యగు లేహ్ పట్టణము శత్రువులకు చిక్కునట్లుండెను. 1948 మే మాసమున ఏర్ కమొడోర్ మెహర్ సింగ్ నడిపిన డకోటా విమానములో తిమ్మయ్యగారు స్వయముగా బయలుదేరి, ఎత్తైన మంచుకొండల మీదుగా పోయి లేహ్‌లో దిగిరి. అంతకుముందు ఆ తావున విమానము దిగి యుండలేదు. ఆ మార్గమున సైనికులను పంపి పట్టణమును నిలిపిరి గాని, భూమార్గము తెరువవలెనన్న జోజిలా కనుమ దాటవలెను. అది సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. కనుమకు ఇరుప్రక్కల శత్రువులు మాటువేసి యుండుటచే సెప్టెంబరులో మన పదాతి దళములు చేసిన దాడి ఫలింపలేదు.

అంత ఎత్తునకు టాంకులను ఎక్కింప నిర్ణయించిరి. బలహీనమైన వంతెనలు ఆ బరువును మోయలేవు గనుక, టాంకుల పైభాగములను విప్పి వేరుగా రహస్యముగా తరలించిరి. బాల్తాల్ నుండి కనుమపైకి కంచరగాడిదలు నడచు త్రోవ మాత్రమే యుండెను. మద్రాసు సాపర్లు అను ఇంజనీరు దళమువారు, దక్షిణదేశపు జవానులు, శత్రువుల గుండ్లవానలోను చలిలోను ఆ త్రోవను టాంకులు నడచు బాటగా వెడల్పు చేసిరి. వేసవిలో ఊరిబాటకు కంకర పరచుటయే ఎంత ప్రయాసయో ఎరిగినవారు ఈ పనిని ఊహింపవచ్చును. 1948 నవంబరు 1వ తేదీన 7వ లైట్ కావల్రీ టాంకులు మంచులో కనుమ నెక్కెను. డివిజను నాయకులగు తిమ్మయ్యగారు ముందు టాంకులలో ఒకదానియందే యుండిరి. ఆ ఎత్తున టాంకులను ఊహింపని శత్రువులు స్థావరములు వదలిరి. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ మన వశమై, లేహ్‌కు దారి ఏర్పడెను.

ఇక కొరియా సంగతి. మూడేండ్లు సాగిన యుద్ధము 1953 జులై 27న విరమింపబడెను. యుద్ధఖైదీలను తమ తమ దేశములకు పంపుటలో చిక్కు వచ్చెను. అమెరికా పక్షమువారి వద్దనున్న ఖైదీలలో ఇరువది రెండు వేలకు పైగా చీనావారును ఉత్తర కొరియావారును ఇంటికి పోమనిరి. ఉత్తరపక్షమువారి వద్ద అట్టివారు 359 మంది. భయమువలన అట్లనుచున్నారని ఒక పక్షము, స్వేచ్ఛగానే యనుచున్నారని వేరొక పక్షము వాదించెను. వారి నిజాభిప్రాయమును తెలిసికొనుటకు స్వీడన్, స్విట్జర్లండ్, పోలండ్, చెకొస్లొవేకియా, భారతదేశముల ప్రతినిధులతో ఒక తటస్థ సంఘము నేర్పరచి, తిమ్మయ్యగారిని అధ్యక్షులను జేసిరి. ఖైదీల కాపలాకు జనరల్ థొరాట్ నాయకత్వమున భారతదళము వెళ్ళెను.

మొదటి నుండియు అవమానములే. తన నేలపై భారతసైనికులు అడుగిడరాదని దక్షిణ కొరియా ప్రభుత్వము పట్టుపట్టుటచే, మన జవానులను ఓడరేవు నుండి హెలికాప్టర్లలో నడిమి ప్రదేశమునకు చేర్చవలసి వచ్చెను. వారి విడిదికి హింద్ నగర్ అని పేరిడిరి. ఖైదీల ఆవరణములలో వారి నాయకులే ఏలికలు; ఇంటికి పోదునన్నవారిని వారు హింసించుచుండిరి, హత్యలును జరిగెను. ఒక మేజరును ఖైదీలు లోన పట్టియుంచగా, థొరాట్‌గారు స్వయముగా లోనికేగి, కాల్పులు లేకుండ ఆయనను వెలికి తెచ్చిరి. వేరొక సందర్భమున కాల్పులు తప్పక, కొందరు ఖైదీలు మరణించిరి.

నిజాభిప్రాయము తెలిసికొను పద్ధతి ఇది: ఒక్కొక్క ఖైదీని గుడారములోనికి తెచ్చెదరు. అతని దేశమువారు ఇంటికి రమ్మని నచ్చజెప్పుదురు. తటస్థ దేశములవారు చూచుచుందురు. వెలుపలికి పోవుటకు రెండు ద్వారములు. ఒకటి స్వదేశమునకు, రెండవది తిరిగి ఆవరణమునకు. ఏ ద్వారమున పోవునో అది అతని తీర్పు. పద్ధతి చక్కనిదే. కాని ఖైదీలలో అధిక సంఖ్యాకులు గుడారమునకు రానే రామనిరి. బలవంతముగా ఈడ్చి తెమ్మని ఉత్తరపక్షము, వారిని వెంటనే విడిచిపెట్టుమని దక్షిణపక్షము ఒత్తిడి చేసెను. సంఘములోనే ఇరువురు ఇటు, ఇరువురు అటు. అధ్యక్షుని మాటయే తేల్చవలెను. తిమ్మయ్యగారు రెండింటికిని ఒప్పుకొనలేదు. ఈడ్చి తెచ్చుట స్వేచ్ఛ కాదు; ఒప్పందము ప్రకారము పని ముగియనిదే విడుదల చేయు అధికారము సంఘమునకు లేదు. గడువు తీరగా 1954 జనవరిలో ఖైదీలను ఎవరివద్ద తీసికొనిరో వారికే తిరిగి అప్పగించిరి. ఇంటికి పోదలచిన కొన్ని వందలమంది మాత్రము ఆలోగా పోగలిగిరి.

ఇరుపక్షములును నిందించెను. ఇది పూర్తి జయమని చెప్పజాలము. భయముచే నోరు విప్పలేకపోయినవా రెందరో తేలనే లేదు. అయినను యుద్ధము తిరిగి రగులలేదు. ఆ ఏడే ప్రభుత్వము వారికి పద్మభూషణ్ నొసగెను.

1957 మేలో తిమ్మయ్యగారు సైన్యాధిపతులైరి. రక్షణమంత్రి కృష్ణ మీనన్‌గారితో పొసగక 1959 ఆగస్టు 31న రాజీనామా నిచ్చి, ప్రధాని నెహ్రూగారు కోరగా ఉపసంహరించుకొనిరి. పౌర ప్రభుత్వమే సైన్యముకంటె పైదని నెహ్రూగారు లోక్‌సభలో స్పష్టపరచిరి. ఎన్నికైనవారి అధికారమునకు లోబడి తిమ్మయ్యగారు 1961 వరకు పదవిలో నుండిరి. వారు దిగిన మరుసటి ఏడే చీనాతో యుద్ధము వచ్చెను.

మధ్యస్థపు పని వారిని విశ్రాంతి కాలమునను విడువలేదు. సైప్రస్ ద్వీపమున గ్రీకులును టర్కులును ఒకే ఊళ్ళలో పోరాడుచుండగా, 1964 జులైలో ఐక్యరాజ్యసమితి అచ్చటి శాంతిదళమునకు వారిని నాయకులను జేసెను. ఆ పదవిలో నుండగానే 1965 డిసెంబరు 18న గుండెపోటుతో మరణించిరి. మరుసటి ఏడు సైప్రస్ ప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్ళ వెలువరించెను. మడికేరిలోని వారి ఇల్లు 2021 నుండి ప్రదర్శనశాలగా నున్నది.