మంచు చూడని మనకు మంచు పాటలు

డిసెంబరు రెండో వారానికి తార్నాక కళ మారిపోతుంది. బేకరీ అద్దాల వెనక ప్లమ్ కేకులు వరస కడతాయి. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వైపు వెళ్తే గుమ్మాల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటాయి. క్యాంపస్‌లో పొద్దున క్లాసుకి వేసుకెళ్లిన స్వెటర్ మధ్యాహ్నానికి నడుముకి చేరుతుంది. రాత్రి హాస్టల్లో ఎవరో ఒకరు గిటార్ తీస్తారు. ‘జింగిల్ బెల్స్’ పల్లవి దాకా అందరం గొంతు చించుకుంటాం. చరణం మొదలవగానే గదంతా ‘ల ల లా’!

తెలుగు సాహితీ క్లబ్ పత్రికలో ఇంగ్లీషు పాటల గోలేంటి అని మీరు అడగొచ్చు. ఈ పాటలు మనకు అనుకున్నంత పరాయివి కావు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో ఏర్పడింది. అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893లో వచ్చింది, దాని చుట్టూ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. అంటే మన క్యాంపస్ పుట్టక ముందు నుంచే ఈ చుట్టుపక్కల ఇంగ్లీషు క్రిస్మస్ ఉంది. ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

ఎండలో పుట్టిన మంచు

"మనమెప్పుడూ మంచు చూడలేదు, మంచు పాటలు మనకెందుకు?" అని మా రూమ్మేట్ అంటుంటాడు. అసలు సంగతేమిటంటే, వాటిలో కొన్ని రాసినవాళ్ల ముందు కూడా అప్పుడు మంచు లేదు.

‘లెట్ ఇట్ స్నో’ని సామీ కాన్, జూల్ స్టైన్ 1945 జులైలో, హాలీవుడ్ ఎండకు మాడిపోతూ రాశారు. చల్లదనం ఊహించుకోవడానికే రాశారన్నమాట. ఆ పాటలో క్రిస్మస్ అనే మాటే లేదు. చలిమంట దగ్గర గింజలు వేగుతున్న దృశ్యంతో మొదలయ్యే ‘ది క్రిస్మస్ సాంగ్’ కూడా అదే వేసవిలో పుట్టింది. నాట్ కింగ్ కోల్ గొంతులో 1946లో రికార్డయింది. తార్నాకలో మే నెలలో కూలర్ ముందు కూర్చుని రికార్డు రాసే మనకు ఈ బాధ బాగానే అర్థమవుతుంది.

‘వైట్ క్రిస్మస్’ కథ ఇంకొంచెం లోతైనది. రాసింది ఇర్వింగ్ బెర్లిన్, యూదుడు. 1942లో బింగ్ క్రాస్బీ పాడిన రికార్డు ప్రపంచంలోనే ఎక్కువగా అమ్ముడుపోయిన సింగిల్ అంటారు. ఆ పాటకు చాలామంది పాడకుండా వదిలేసే ఒక ఎత్తుగడ ఉంది. అందులో మనిషి లాస్ ఏంజెలెస్‌లో ఎండలో, తాటిజాతి చెట్ల మధ్య నిలబడి ఉత్తరాదిని తలచుకుంటాడు. అంటే అది మంచులో ఉన్నవాడి పాట కాదు, మంచుకు దూరమైనవాడి పాట. బెర్లిన్ పసికొడుకు 1928లో సరిగ్గా క్రిస్మస్ రోజునే చనిపోయాడు. ఈ సంగతి తెలిశాక ఆ పాట హుషారుగా పాడబుద్ధి కాదు. నెమ్మదిగా, గొంతు తగ్గించి పాడండి, బాగుంటుంది.

స్వరాలు మనకు తెలిసినవే

వీటిలో చాలా వరసలు పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనే దానిలో ఉంటాయి. మన లెక్కలో అవి శంకరాభరణం స్వరాలే. ముత్తుస్వామి దీక్షితులు రెండు వందల ఏళ్ల కిందటే ఇంగ్లీషు బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిని నోటుస్వరాలు అంటారు. బ్రిటన్ రాజగీతం వరస కూడా వాటిలో ఒకటి. కాబట్టి మనం కొత్తగా చేసే సాహసమేమీ లేదు.

‘జింగిల్ బెల్స్’ పల్లవి మొత్తం ఐదు స్వరాల్లో అయిపోతుంది: స రి గ మ ప. మొదలు గగగ, గగగ, గపసరిగ. గొంతు రాదనుకునేవాళ్లు కూడా పాడగలిగేది అందుకే. జేమ్స్ పియర్‌పాంట్ 1857లో అచ్చువేయించిన ఈ పాటలోనూ క్రిస్మస్ ప్రస్తావన లేదు, ఉన్నది గుర్రపు బండి షికారు. ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఇంకో ముచ్చట: 1965 డిసెంబరు 16న జెమిని 6 నౌకలోంచి వ్యోమగాములు షిరా, స్టాఫర్డ్ ఒక మౌతార్గాన్‌తో, చిన్న గంటలతో దీన్ని వాయించారు. అంతరిక్షంలో వాయించిన తొలి పాట ఇదే.

‘జాయ్ టు ద వరల్డ్’ మొదటి పాదం పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా నేరుగా దిగే అవరోహణ: స ని ద ప మ గ రి స. చిన్నప్పుడు సరళీ వరసలు నేర్చుకున్నవాళ్లకి ఇది రెండు నిమిషాల పని. సాహిత్యం ఐజాక్ వాట్స్ 1719లో, 98వ కీర్తన ఆధారంగా రాశాడు. మొదలే పైనుంచి కాబట్టి శ్రుతి తగ్గించి ఎత్తుకోండి.

‘సైలెంట్ నైట్’ తిస్ర నడకలో, జోలపాటలా సాగుతుంది. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో మొదటిసారి పాడినప్పుడు తోడున్న వాయిద్యం గిటారే. కాబట్టి హాస్టల్ గిటార్‌కి ఇంతకన్నా న్యాయమైన పాట లేదు. కాకపోతే చివరికొచ్చేసరికి చాలా పైకి వెళ్తుంది. మొదట్లో హాయిగా ఉందని ఎత్తులో మొదలుపెడితే అక్కడ గొంతు కీచుమంటుంది.

నలుగురైదుగురు ఉంటే ‘క్యారల్ ఆఫ్ ద బెల్స్’ ప్రయత్నించండి. నాలుగు స్వరాల ముక్క ఒకటి గంటలా తిరుగుతూనే ఉంటుంది, మిగతా గొంతులు దాని మీద చేరతాయి. ఇది ఉక్రెయిన్ పాట. లెయొంటోవిచ్ స్వరపరచిన రూపాన్ని 1916లో కీవ్‌లో పాడారు. ఇంగ్లీషు మాటలు 1936లో వచ్చాయి. అసలు పాట కొత్త సంవత్సరానిది. ఒక పిట్ట ఎగిరొచ్చి, నీ మందలో గొర్రెపిల్లలు పుట్టాయి, ఈ ఏడు నీకు మంచిదని ఇంటి యజమానికి చెప్తుంది. పాత క్యాలెండర్ ప్రకారం ఆ పండగ రాత్రి జనవరి 13, అంటే మన భోగి సమయమే. మన బుడబుక్కలాయన చెప్పేదీ ఇలాంటిదే కదా!

గిటార్ ఇప్పుడే పట్టినవాళ్లకి ‘లాస్ట్ క్రిస్మస్’. 1984లో జార్జ్ మైకేల్ రాసిన ఈ పాట మొదటినుంచి చివరిదాకా నాలుగే కార్డ్‌లు తిరుగుతుంది: డి, బి మైనర్, ఈ మైనర్, ఎ. పేరుకు క్రిస్మస్ పాట, సరుకు మాత్రం బ్రేకప్ పాట. బ్రిటన్‌లో నంబర్ వన్ అవ్వడానికి 2021 జనవరి దాకా ఆగాల్సొచ్చింది.

నోరు తిరగడం ఎలా

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన నాలాంటివాళ్లకి అసలు అడ్డంకి రాగం కాదు, ఇంగ్లీషులో నోరు తెరవాలన్న బెరుకు. క్లాసులో తప్పు మాట్లాడితే నవ్వుతారు. పాటలో పదిమందితో కలిసి తప్పు పాడితే ఎవరికీ వినపడదు. ఇంతకన్నా సురక్షితమైన ప్రాక్టీసు లేదు.

మన తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు. బస్ బస్సవుతుంది, రోడ్ రోడ్డవుతుంది. అలాగే పాటలో ‘బెల్స్’ని ‘బెల్సు’ అంటే ఒక అక్షరం పెరిగి తాళం తప్పుతుంది. చివరి హల్లుని పలికి అక్కడే ఆపాలి. అచ్చును సాగదీయడం మాత్రం మన రక్తంలోనే ఉంది కాబట్టి పొడుగు స్వరాల్లో మనదే పైచేయి. ‘నైట్’ని సాగదీయాల్సి వచ్చినప్పుడు ‘ఆ’ మీద నిలబడి, చివర్లో ‘ఇ’, ‘ట్’ చేర్చండి.

ఇంకొకటి. మన పద్యంలో లెక్క గురులఘువులది, అంటే కాలానిది. ఇంగ్లీషు లెక్క ఊనికది. ‘వింటర్’లో బరువంతా మొదటి ముక్క మీదే పడుతుంది, రెండోది తేలిపోతుంది. మనం రెండింటినీ సమానంగా పలుకుతాం. పాడేటప్పుడు తాళం దెబ్బ ఎక్కడ పడుతోందో చూడండి. ఊనిక సాధారణంగా అక్కడే ఉంటుంది. ఫొనెటిక్స్ పుస్తకం చెప్పే విషయాన్ని చప్పట్లు చెప్తాయి.

ఇంటికి వెళ్లలేనివాళ్ల కోసం

ఇక రెండో కారణం. 1943లో, యుద్ధం మధ్యలో, బింగ్ క్రాస్బీ ‘ఐల్ బి హోమ్ ఫర్ క్రిస్మస్’ పాడాడు. ఇంటికొస్తున్నానని చెప్తూ సాగే పాట చివరికొచ్చేసరికి, ఆ రావడం కలలోనేనేమో అని తేలుతుంది. దూరదేశాల్లో ఉన్న సైనికులు గుండెకు హత్తుకున్న పాట.

సెమిస్టర్ పరీక్షలు డిసెంబరు చివర్లో పడితే మన హాస్టళ్లలోనూ అలాంటివాళ్లు ఉంటారు. పోయినేడు మా వింగ్‌లో ఒకడికి 26న ల్యాబ్ ఎక్స్‌టర్నల్. ఖమ్మం దగ్గర ఊరు. వెళ్లి రావడం కుదరలేదు. వాళ్ల ఊళ్లో క్రిస్మస్ ముందు రాత్రి ఇల్లిల్లూ తిరిగి పాడతారు, డోలక్ వీడిదే. ఆ రాత్రి మేం ఆరుగురం వాడి గదికి వెళ్లి, ఫోన్‌లో లిరిక్స్ చూస్తూ ‘సైలెంట్ నైట్’ ఎత్తుకున్నాం. వాడు చిన్నప్పటినుంచి చర్చిలో పాడిన తెలుగు మాటల్తో అందుకున్నాడు. ఒకే వరస మీద రెండు భాషలు నడిచాయి, ఎక్కడా ఢీకొట్టుకోలేదు. పాట అయ్యాక, "ఈసారి మా ఊళ్లో డోలక్ ఎవడు వాయిస్తున్నాడో" అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత వాడే స్టీలు బకెట్ బోర్లించి ‘జింగిల్ బెల్స్’కి దరువేశాడు.

ఈ ఏడు మొదలుపెట్టేవాళ్లకి నా వరస ఇది: ముందు ‘జింగిల్ బెల్స్’ చరణాలతో సహా, తర్వాత ‘జాయ్ టు ద వరల్డ్’, ఆ తర్వాత ‘సైలెంట్ నైట్’. రోజుకి పావుగంట చొప్పున రెండు వారాలు చాలు. ‘వైట్ క్రిస్మస్’ గొంతు కుదిరాక. 24 రాత్రి మీ వింగ్‌లో ఎవరెవరు ఉండిపోతున్నారో ముందే కనుక్కోండి. తెలుగు మాటలు వాళ్లనడిగి రాసుకోండి.