గడ్డ పోయినా మాత్ర మానొద్దు

* రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా 5 ఏళ్ల కాపలా
* గర్భసంచి తీసినంత మాత్రాన ముట్లుడిగినట్లు కాదు
* సుగ్గికి వెళ్లేవారు మందులు వెంట తీసుకెళ్లాలి

ఆదోని, ఎమ్మిగనూరు: శస్త్రచికిత్స ముగిసింది. కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయ్యాయి. రాలిన జుట్టు మళ్లీ మొలిచింది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ కుదుటపడిన వేళ, రోజుకొకటి చొప్పున వేసుకోమంటూ వైద్యులు ఒక చిన్న మాత్ర రాసిస్తారు. ఎన్నాళ్లని అడిగితే అయిదేళ్లంటారు. పెద్ద చికిత్సలన్నీ అయ్యాక ఇంత చిన్న మాత్రతో పనేమిటన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. నాలుగు నెలలు వాడేసరికి కీళ్లు పట్టేస్తే ఇక చాలనిపిస్తుంది. కానీ హార్మోన్ ఆధారిత రొమ్ము క్యాన్సర్ విషయంలో, కత్తి గడ్డను తొలగిస్తే, అది తిరిగి రాకుండా ఏళ్ల తరబడి కాపు కాసేది ఈ మాత్రే.

భారతదేశంలో మహిళలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే ప్రథమ స్థానం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో సుమారు 1.92 లక్షల మందిలో ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. సుమారు 98 వేల మంది దీనితో మరణించారు. ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి ఏరే కూలీ అయినా, ఎమ్మిగనూరు మగ్గం వద్ద కండెలు చుట్టే ఇల్లాలు అయినా ఈ వ్యాధికి అతీతులు కారు. చికిత్సను సగంలో వదలకుండా ఉండాలంటే, ఆ మాత్ర ఏం చేస్తుందో ముందుగా తెలియాలి.

పేరు హార్మోన్ మాత్ర... పని అడ్డుకోవడం

వాడుకలో వీటిని 'హార్మోన్ మాత్రలు' అంటున్నారు. ఈ పేరే కొంత అయోమయానికి కారణమవుతోంది. ఇవి శరీరానికి హార్మోన్‌ను అందించేవి కావు, దానిని అడ్డుకునేవి. స్త్రీ శరీరంలో సహజంగా తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కొన్ని రకాల క్యాన్సర్ కణాలకు ఆహారంలా ఉపయోగపడుతుంది. ఆ కణాలపై హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. గడ్డ నుంచి తీసిన ముక్కను పరీక్షించినప్పుడు రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' లేదా 'పీఆర్ పాజిటివ్' అని రాసి ఉంటే ఆ గ్రాహకాలు ఉన్నట్లు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ కోవకు చెందినవే. రెండూ నెగెటివ్ అయితే ఈ మాత్రల వల్ల ప్రయోజనం లేదు. అందుకే పొరుగింటామెకు పనిచేసిందని ఆ మాత్రనే తెచ్చుకుని వేసుకోవడం తగదు.

కాలువ నీరు... చెలమ నీరు

పశ్చిమ ప్రాంత రైతులకు తుంగభద్ర దిగువ కాలువ సుపరిచితమే. డ్యాము నుంచి నీరు వదిలినన్నాళ్లు కాలువ పారుతుంది. డ్యాము కట్టేశాక కూడా అక్కడక్కడా చెలమల్లో ఊట ఊరుతూనే ఉంటుంది. స్త్రీ శరీరంలో ఈస్ట్రోజెన్ సంగతీ ఇంతే. నెలసరి వస్తున్నంత కాలం అండాశయాలే డ్యాము. ముట్లుడిగాక ఆ ప్రవాహం ఆగిపోతుంది. అయినా కొవ్వు కణజాలం వంటి చోట్ల, అరోమటేజ్ అనే ఎంజైము ఇతర హార్మోన్లను కొద్ది మోతాదులో ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. మిగిలిపోయిన క్యాన్సర్ కణానికి ఆ కొద్దిపాటి చెమ్మ కూడా చాలు.

దీనిని అరికట్టేందుకు రెండు మార్గాలున్నాయి. మొదటిది పొలం మడవ కట్టేయడం. టామాక్సిఫెన్ చేసేది ఇదే. రక్తంలో ఈస్ట్రోజెన్ ఉన్నా, క్యాన్సర్ కణంలోకి దాని ప్రభావం చేరకుండా గ్రాహకం వద్దే అడ్డు నిలుస్తుంది. నెలసరి ఉన్నవారికీ, ఆగినవారికీ ఇది పనిచేస్తుంది. రెండోది ఊటనే ఎండగట్టడం. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ అనే మందులు అరోమటేజ్ ఎంజైమును అడ్డుకుని ఈస్ట్రోజెన్ తయారీనే నిలిపివేస్తాయి. ముట్లుడిగిన మహిళలకు సాధారణంగా వీటినే సూచిస్తారు. లెట్రోజోల్ రోజుకు 2.5 మి.గ్రా., అనాస్ట్రోజోల్ 1 మి.గ్రా., ఎక్సిమెస్టేన్ 25 మి.గ్రా., టామాక్సిఫెన్ 20 మి.గ్రా. చొప్పున వాడటం పరిపాటి. వీటిలో ఏది, ఎన్నాళ్లు అన్నది క్యాన్సర్ వైద్యుడే నిర్ణయించాలి.

గర్భసంచి తీసినంత మాత్రాన...

ఆంధ్రప్రదేశ్ మహిళలు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఇక్కడే ఉంది. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసివేశారు. ముప్పయ్యేళ్లకే ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు పల్లెల్లో కనిపిస్తూనే ఉన్నారు.

గర్భసంచి తీసేస్తే నెలసరి ఆగిపోతుంది. కానీ అండాశయాలను అలాగే ఉంచితే అవి హార్మోన్‌ను తయారు చేస్తూనే ఉంటాయి. అంటే డ్యాము గేట్లు తెరిచే ఉన్నట్లు. అలాంటప్పుడు చెలమలు పూడ్చి లాభం లేదు. అండాశయాలు పనిచేస్తున్న స్త్రీకి లెట్రోజోల్ వంటి మందు ఒక్కటే ఇస్తే ఆశించిన ఫలితం రాదు. పైగా అండాశయాలు మరింత చురుకయ్యే అవకాశమూ ఉంది. కీమోథెరపీతో నెలసరి ఆగిన వారిలోనూ కొందరికి కొన్ని నెలల తరువాత తిరిగి రావచ్చు. 'నెలసరి ఆగిందా?' అని వైద్యుడు అడిగినప్పుడు 'ఆగింది' అని ఊరుకోకుండా, ఆపరేషన్ వల్ల ఆగిందా, వయసుతో ఆగిందా, అండాశయాలు ఉన్నాయా అన్నది స్పష్టంగా చెప్పాలి. పాత ఆపరేషన్ కాగితాలు ఉంటే చూపాలి. అవసరమైతే రక్తంలో హార్మోన్ల స్థాయిని పరీక్షించి నిర్ధారిస్తారు.

1896 నుంచి నేటి వరకు

హార్మోన్ అనే మాట పుట్టకముందే ఈ చికిత్సకు బీజం పడింది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి చెందిన శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్, అండాశయాలను తొలగిస్తే రొమ్ము క్యాన్సర్ గడ్డలు తగ్గుముఖం పట్టడాన్ని 1896లో వైద్యలోకానికి వెల్లడించారు. 1962లో ఇంగ్లండులోని ఐసీఐ సంస్థ రసాయన శాస్త్రవేత్త డోరా రిచర్డ్‌సన్ టామాక్సిఫెన్‌ను రూపొందించారు. గర్భనిరోధక మందుల కోసం సాగిన అన్వేషణలో పుట్టిన ఆ పదార్థం అందుకు పనికిరాలేదు కానీ, 1973లో బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ మందుగా ఆమోదం పొందింది. అరోమటేజ్‌ను అడ్డుకునే నేటి మందులు 1990 దశకంలో అందుబాటులోకి వచ్చాయి.

ఫలితం ఎంత?

ముట్లుడిగిన 31,920 మంది మహిళల వివరాలను క్రోడీకరించిన అంతర్జాతీయ విశ్లేషణ 2015లో వెలువడింది. టామాక్సిఫెన్‌తో పోలిస్తే అరోమటేజ్ నిరోధక మందులు వాడుతున్న కాలంలో వ్యాధి తిరగబెట్టడం సుమారు 30 శాతం తగ్గింది. అసలు హార్మోన్ చికిత్సే తీసుకోనివారితో పోలిస్తే, ఈ మందులు 5 ఏళ్లు వాడితే తొలి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 40 శాతం తగ్గుతాయని అందులో తేల్చారు. ఈ రకం క్యాన్సర్ ఇరవయ్యేళ్ల తరువాత కూడా తిరగబెట్టవచ్చని 2017లో మరో అధ్యయనం వెల్లడించింది. చంకలోని గ్రంథులకు వ్యాధి పాకినవారికి అయిదేళ్ల తరువాతా మందు కొనసాగించమని వైద్యులు చెప్పడానికి కారణమిదే.

అయినా మధ్యలో మానేసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మందిపై జరిపిన పరిశీలనలో పూర్తి కాలం సక్రమంగా వాడినవారు 49 శాతమేనని 2010లో తేలింది. ఆసుపత్రి పక్కనే ఉన్నవారి పరిస్థితే అలా ఉంటే, హొళగుంద, కౌతాళం, కోసిగి పల్లెల నుంచి రావాల్సినవారి మాట చెప్పనక్కర్లేదు.

కీళ్ల నొప్పులకు సూదిమందు కాదు

అరోమటేజ్ నిరోధక మందులు వాడేవారిలో దాదాపు సగం మందికి కీళ్ల నొప్పులు, ఉదయం లేవగానే వేళ్లు పట్టేయడం వంటి ఇబ్బందులు కలుగుతాయి. 2006లో చికున్‌గున్యా రాయలసీమను కుదిపేసిన నాటి నుంచి ఒళ్లునొప్పి ఏదైనా దాని మీదికే నెట్టడం అలవాటైంది. క్యాన్సర్ మాత్ర సంగతి చెప్పకుండా ఊళ్లోని ఆర్ఎంపీ వద్ద సూదిమందు వేయించుకుంటే, అందులో స్టెరాయిడ్ ఉన్నట్లయితే ఎముకలు మరింత బలహీనపడతాయి.

నొప్పికి మార్గాలున్నాయి. వ్యాయామం చేసినవారిలో ఈ నొప్పుల తీవ్రత 30 శాతం మేర తగ్గినట్లు 2015లో అమెరికాలో జరిగిన అధ్యయనం తెలిపింది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని చెప్పే కసరత్తు అందులో భాగం. రోజంతా మగ్గం గుంటలో కూర్చునేవారు, ఒకే భంగిమలో పత్తి ఏరేవారు మధ్య మధ్య లేచి నాలుగడుగులు వేయడం మేలు. అప్పటికీ తగ్గకుంటే ఒక మందు బదులు మరొకటి మార్చి చూస్తారు. లేదా టామాక్సిఫెన్‌కు మారుస్తారు. మార్చుకోవడం వేరు, మానేయడం వేరు.

ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, యోని పొడిబారడం వంటివీ ఉంటాయి. చెప్పుకోవడానికి బిడియపడి మాత్ర ఆపేసేవారే ఎక్కువ. ఆవిర్లు తగ్గడానికంటూ ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, పూతమందులు వైద్యుడిని అడగకుండా వాడితే అడ్డుకట్టను మన చేతులతోనే తెంచినట్లవుతుంది. టామాక్సిఫెన్ వాడేవారు ముట్లుడిగాక మళ్లీ రక్తస్రావం కనిపించినా, ఒక కాలు వాచి నొప్పి చేసినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయరాదు. ఈ మందుతో అరుదుగా గర్భాశయ లోపలి పొర క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటివి సంభవిస్తాయి.

ఎముకలకు రాగి అండ

ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు గుల్లబారుతాయి. అందుకే అరోమటేజ్ నిరోధక మందులు మొదలుపెట్టేటప్పుడు, ఆ తరువాత వైద్యుడు చెప్పిన వ్యవధిలో ఎముకల సాంద్రత తెలిపే డెక్సా పరీక్ష చేయించుకోవాలి. కాల్షియం, విటమిన్-డి మాత్రలు అవసరమవుతాయి. కొందరికి ఎముకలను గట్టిపరిచే జోలెడ్రోనిక్ ఆమ్లం సూదిమందు ఇస్తారు. జొన్నరొట్టెకు తోడు రాగిసంగటి తినడం మంచిది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. పాలు, పెరుగు, ఆకుకూరలు సరేసరి.

సుగ్గికి వెళితే...

పశ్చిమ ప్రాంతంలో ఖరీఫ్ పంట చేతికొచ్చాక కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి పనులకు తెలంగాణకు సుగ్గికి తరలిపోతాయి. నెలల తరబడి తిరిగి రారు. గుడారాల్లో బతుకు. ఆ రోజుల్లోనే మాత్రలకు విరామం పడే ప్రమాదం ఎక్కువ. బయలుదేరే ముందే వైద్యుడికి చెప్పి మూడు నెలలకు సరిపడా మందులు రాయించుకోవాలి. చీటీ నకలు వెంట ఉంచుకోవాలి. ఎండ, తేమ తగలని డబ్బాలో మాత్రలు భద్రపరచాలి. కంపెనీని బట్టి అట్ట మీది పేరు మారుతుంది కనుక, మందు అసలు పేరు 'లెట్రోజోల్' వంటిది రాసి పెట్టుకుంటే ఏ ఊళ్లోనైనా కొనవచ్చు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడి సర్వజన వైద్యశాలకు వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవారిదీ పోతుంది. ఖర్చు భారం తగ్గించుకునే వీలుంది. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకంలో శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ చేయించుకున్నవారు, ఈ మాత్రలు కూడా అందులో అందుతాయేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ మందు ధర కనుక్కోవాలి.

మరవొద్దు

* మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఎక్సిమెస్టేన్ భోజనం తరువాతే.
* ఒక పూట మరిస్తే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మరుసటి మాత్ర వేళ దగ్గరపడితే వదిలేయాలి. రెండు కలిపి వేసుకోరాదు.
* ఒంటిపొద్దు ఉన్నా మాత్ర ఆపనక్కర్లేదు. రంజాన్ ఉపవాసాల్లో సహరీ వేళ లేదా ఇఫ్తార్ తరువాత వేసుకోవచ్చు.
* వేరే జబ్బుకు ఏ వైద్యుడి వద్దకు వెళ్లినా ఈ మాత్ర సంగతి చెప్పాలి. మానసిక ఒత్తిడికి వాడే కొన్ని మందులు టామాక్సిఫెన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి.
* మిగిలిన రొమ్ముకు ఏటా మామోగ్రామ్ చేయించుకోవాలి.
* ఒకేచోట తగ్గని ఎముక నొప్పి, కొత్త గడ్డ, ఆగని దగ్గు కనిపిస్తే తదుపరి తేదీ వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.
* ఇబ్బంది ఎంతున్నా వైద్యుడితో మాట్లాడకుండా మాత్ర ఆపరాదు.