రెండో ప్రశ్నకు అరవై ఏళ్లు

1923 నవంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కోటలోని శాసనమండలిలో కట్టమంచి రామలింగారెడ్డి లేచి మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడిగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి వైస్ చాన్సలర్‌గా ఆయన్ని తలుచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మన దేశ శాసనసభల చరిత్రలో తొలి అవిశ్వాస తీర్మానంగా చెప్పుకునేది ఆయన పెట్టినదేనని ఎరిగినవాళ్లు తక్కువ. అవతల అధికార పక్షానికి నాయకుడు పానగల్లు రాజా రామరాయణింగారు. ఆయనా తెలుగువారే. చర్చ మర్నాడూ సాగింది. ఓట్లు లెక్కపెడితే తీర్మానానికి అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65. మంత్రివర్గం నిలబడింది.

ఓడిన తీర్మానం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. అది నెగ్గి ఉన్నా పడిపోయేది ముగ్గురు మంత్రులే. విద్య, ప్రజారోగ్యం, స్థానిక సంస్థలు వంటి శాఖలే వాళ్ల చేతిలో ఉండేవి. పోలీసు, భూమి శిస్తు, ఖజానా గవర్నరు దగ్గర, ఆయన కార్యనిర్వాహక సభ్యుల దగ్గర ఉండేవి. వాళ్లను సభ దించలేదు. 1919 చట్టం పెట్టిన ఈ ఏర్పాటునే ద్వంద్వ పాలన అన్నారు. బడి గురించి మంత్రిని నిలదీయవచ్చు, ఆ బడికి డబ్బివ్వాల్సిన ఖజానా అధిపతిని మాత్రం కుర్చీలోంచి లేపలేరు. అలాంటి సభలో కూడా, ‘మీ మీద మాకు నమ్మకం లేదు’ అని నియమం ప్రకారం చెప్పి, దాని మీద ఓటింగు జరిపించడం చిన్న పని కాదు.

నేను చాలా ఏళ్లు అసెంబ్లీ ప్రెస్ గ్యాలరీలో కూర్చుని వార్తలు రాసినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా బ్యూరో పెద్దాయన నా చేతిలో సభా నిబంధనల పుస్తకం పెట్టి, “ముందు ఇది చదువు నాయనా, గొడవ ఎందుకు జరుగుతోందో తరవాత దానంతటదే అర్థమవుతుంది” అన్నారు. చదివాను. ఆ నిబంధనలు ఎక్కడ పుట్టాయో తెలుసుకోవాలనిపించి పాత కౌన్సిల్ సంపుటాలు తిరగేయడం మొదలుపెట్టాను. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఆ సంపుటాల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి ఉంచింది తీర్మానాలు కాదు, ప్రశ్నలు. పాలకుణ్ణి పాలితుడు ఒక ప్రశ్న అడగడానికి, జవాబు చాలకపోతే మళ్లీ అడగడానికి ఎంత కాలం పట్టిందన్న లెక్క.

1854లో డల్హౌసీ కాలంలో కలకత్తా శాసనమండలి తనకంటూ నిబంధనలు రాసుకుని పార్లమెంటు పద్ధతిలో నడవబోయింది. ప్రభుత్వ వ్యవహారాల మీద ఆరా తీసింది, కాగితాలు చూపించమంది. సభ్యుల్లో ఒక్క భారతీయుడూ లేడు, అందరూ ఇంగ్లీషు అధికారులూ జడ్జీలే. అయినా లండన్‌లో దొరలకు అది మింగుడుపడలేదు. 1861 చట్టం ఆ పోకడను కత్తిరించేసింది. ఆ చట్టం తరవాత కొందరు భారతీయులు నామినేషన్ మీద మండలిలోకి వచ్చారు. కానీ సభ ముందున్న బిల్లు గురించి తప్ప మరే మాటా ఎత్తకూడదు. ప్రశ్న అన్నదే లేదు. గోదావరి జిల్లాలో పంట ఎండిపోయినా, ఎక్కడో పోలీసు కాల్పులు జరిగినా, ఆ సంగతి మీద బిల్లు లేకపోతే అది సభకు సంబంధించిన విషయం కాదు.

ముప్ఫై ఏళ్లు గడిచాక, 1892 చట్టంతో ప్రశ్న అడిగే హక్కు వచ్చింది. ముందుగా నోటీసు ఇవ్వాలి. అధ్యక్ష స్థానంలో ఉండేది వైస్రాయో గవర్నరో గనక, ప్రశ్నను తోసిపుచ్చే అధికారం కూడా ప్రభుత్వాధిపతిదే. అన్నీ దాటుకుని ప్రశ్న సభకు వస్తే జవాబు చదువుతారు. అంతటితో సరి. ఆ జవాబు మీద ఇంకో మాట అడగకూడదు. బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు.

1909లో మింటో-మార్లే సంస్కరణలు వచ్చాయి. అప్పుడు అనుబంధ ప్రశ్నకు చోటిచ్చారు. అయితే అసలు ప్రశ్న వేసిన సభ్యుడొక్కడే దాన్ని వేయాలి. పక్కన కూర్చున్నవాడికి అనుమానం వస్తే నోరు మూసుకోవాల్సిందే. 1919 చట్టం కింద కొత్త సభలు 1921లో కొలువుదీరాకే, ప్రశ్నోత్తరాల సమయంలో ఏ సభ్యుడైనా లేచి అనుబంధ ప్రశ్న వేసే వీలు కలిగింది. 1861 నుంచి లెక్కపెడితే సరిగ్గా అరవై ఏళ్లు.

ఈ రెండో ప్రశ్న కోసం అంత పట్టుదల ఎందుకంటే, మొదటి జవాబు సచివాలయంలో తయారవుతుంది. గుమస్తా రాస్తాడు, కార్యదర్శి దిద్దుతాడు, మంత్రి చదువుతాడు. రెండో ప్రశ్నకు కాగితం ఉండదు. ఆ నిమిషంలో ఆ మనిషి నోటి నుంచే జవాబు రావాలి. విషయం తెలిసినవాడో కాదో, దాస్తున్నాడో లేదో అప్పుడు బయటపడుతుంది. గ్యాలరీలో మేం పెన్నులు తెరిచి సిద్ధంగా ఉండేది అనుబంధ ప్రశ్నల కోసమే. 2020 సెప్టెంబరులో కరోనా పేరుతో పార్లమెంటు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దుచేసి, రాతపూర్వక జవాబులు మాత్రం ఇచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. 1892 నాటి సభ్యుడికి ఉన్నది ఆ మాత్రమే.

ప్రశ్నలో ఏం ఉండకూడదో కూడా రాసిపెట్టారు. వాదన, ఊహ, వ్యంగ్యం, పరువుకు భంగం కలిగించే మాట ఏదీ ఉండకూడదు. అధికారి హోదాలో చేసిన పనులు తప్ప మనిషి నడవడిని ఎత్తకూడదు. ఇవి మంచి నియమాలేనని నా అభిప్రాయం. వాటివల్లే ప్రశ్న పదునెక్కుతుంది. కానీ ఇంకో నిషేధం ఉండేది. విదేశాలతో సంబంధాల గురించి, స్వదేశ సంస్థానాల వ్యవహారాల గురించి, వాటి పాలన గురించి కేంద్ర శాసనసభలో ప్రశ్న గానీ తీర్మానం గానీ తేకూడదు. తెలుగువాళ్లకు దీని బరువు వేరే చెప్పక్కర్లేదు. గుంటూరు సభ్యుడు ఢిల్లీలో లేచి పంజాబు గురించి అడగవచ్చు. కృష్ణ దాటితే వచ్చే నల్లగొండలో తెలుగు రైతు వెట్టి చేస్తున్నాడని మాత్రం అడగకూడదు. అది నిజాం ఇలాకా.

ఉపన్యాసానికీ కంచెలున్నాయి. చక్రవర్తి నడవడిని, ప్రభుత్వం నుంచి విడదీసి గవర్నర్ జనరల్‌నో గవర్నర్‌నో వ్యక్తిగా విమర్శించకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం ఎత్తకూడదు. రాజద్రోహకరమైన మాట అనకూడదు. పని అడ్డుకోవడానికే మాట్లాడకూడదు. మన వకీళ్లు ‘ప్రభుత్వం నుంచి విడదీసి’ అన్న ముక్కను పట్టుకున్నారు. గవర్నరు పేరెత్తకుండా, ప్రభుత్వాన్ని ఎంత గట్టిగా దులపాలో అంత గట్టిగా దులిపారు.

ఇంగ్లీషు రానివాడి గతి వేరు. సభా వ్యవహారమంతా ఇంగ్లీషులోనే సాగాలి, ఆ భాష తెలియని సభ్యుడికి అధ్యక్షుడు అనుమతిస్తేనే దేశభాషలో మాట్లాడాలి. 1935 చట్టం దీన్ని కొంచెం సడలించి, ఇంగ్లీషు తగినంత రానివాళ్లకు కూడా వేరే భాష వాడుకునే వీలు నిబంధనల్లో ఉండాలంది. తన ఊరి కాలువ గురించి తన భాషలో చెప్పుకోవడానికి, ‘నాకు మీ భాష రాదు’ అని ముందు ఒప్పుకోవలసిరావడం నాకు ఎప్పుడు చదివినా మనసుకు కష్టంగానే ఉంటుంది.

సభ ఎంత గట్టిగా మాట్లాడినా, చివరి మాట వైస్రాయిదే. 1923లో ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచుతామంటే కేంద్ర శాసనసభ ఒప్పుకోలేదు. లార్డ్ రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో ‘ఇది అవసరం’ అని ధ్రువీకరించి పన్ను వేశారు. అంతకుముందు, 1918 ఫిబ్రవరిలో విశాఖ ప్రాంతానికి చెందిన బయ్యా నరసింహేశ్వర శర్మ భాషల ప్రాతిపదికన రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించాలని వైస్రాయి మండలిలో తీర్మానం తెచ్చారు. అది వీగిపోయింది. నెగ్గినా ఆనాటి తీర్మానం సిఫారసు మాత్రమే, దాన్ని పాటించి తీరాలన్న నియమం లేదు. అయినా ఆ వాదన అధికారిక సంపుటంలో అచ్చయింది, తరవాతి వాళ్లకు చేతికందింది.

వాయిదా తీర్మానం నియమం నాకు చాలా ఇష్టం. అత్యవసరమైన ప్రజా విషయం ఒకటి ముంచుకొస్తే, సభ పనులు ఆపి దాని మీద చర్చించాలని సభ్యుడు కోరతాడు. ఎవరైనా అభ్యంతరం చెబితే, కేంద్ర శాసనసభలో కనీసం 25 మంది లేచి నిలబడాలి. అప్పుడు సాయంత్రం నాలుగింటికి చర్చ మొదలవుతుంది, ఆరింటికి ముగిసిపోతుంది. ఈలోగా ఓటింగు జరగకపోతే తీర్మానం దానంతటదే రద్దు. అందుకే కొన్నిసార్లు ప్రభుత్వం వైపువాళ్లు గడియారం చూసుకుంటూ ఉపన్యాసాలు సాగదీసేవారు. ఇవాళ లోక్‌సభలో నిలబడాల్సినవాళ్లు 50 మంది, చర్చకు రెండున్నర గంటలు ఇస్తారు. నాలుగు గంటల ముహూర్తం మాత్రం మారలేదు.

ఈ నిబంధనలను రాసినవాళ్లకన్నా బాగా చదివిన మనిషి విఠల్‌భాయ్ పటేల్. వల్లభ్‌భాయ్‌కి అన్నగారు. 1925 ఆగస్టులో కేంద్ర శాసనసభకు ఎన్నికైన తొలి అధ్యక్షుడయ్యారు. 1928 సెప్టెంబరులో కమ్యూనిస్టులను దృష్టిలో పెట్టుకుని ప్రభుత్వం తెచ్చిన ప్రజాభద్రత బిల్లు మీద ఓట్లు సమానంగా చీలాయి. నిర్ణాయక ఓటు ఆయనది. ఇంత అసాధారణమైన చట్టం కావాలనుకునేవాళ్లు సభను ఒప్పించి మెజారిటీ తెచ్చుకోవాలన్న కారణంతో ఆ ఓటును బిల్లుకు వ్యతిరేకంగా వేశారు. బిల్లు పోయింది.

మరుసటి ఏడాది ప్రభుత్వం బిల్లును మళ్లీ తెచ్చింది. ఈలోగా 1929 మార్చిలో మీరట్ కుట్ర కేసు పెట్టి కార్మిక నాయకులను అరెస్టు చేసింది. ఇక్కడే విఠల్‌భాయ్ నిబంధన తీశారు. కోర్టులో ఉన్న విషయం ఎత్తకూడదన్నది ప్రభుత్వం రాసిన నియమమే. ఈ బిల్లు మీద చర్చ అంటే ఆ కేసులో ఉన్న ఆరోపణల మీద చర్చే. కాబట్టి కేసైనా ఉపసంహరించండి, బిల్లునైనా వాయిదా వేయండి అన్నారు. ప్రభుత్వం రెంటికీ ఒప్పుకోలేదు. ఏప్రిల్ 8న ఆయన రూలింగు ఇవ్వడానికి లేచిన వేళే సందర్శకుల గ్యాలరీ నుంచి భగత్ సింగ్, బటుకేశ్వర దత్ బాంబులు విసిరారు. ఆ చరిత్ర మనకు బడిలోనే చెబుతారు. ఆ రూలింగు ఏమైందో మాత్రం చెప్పరు. ఏప్రిల్ 11న సభ తిరిగి కూడినప్పుడు విఠల్‌భాయ్ దాన్ని ప్రకటించారు. బిల్లు మీద చర్చ నియమవిరుద్ధమని తేల్చేశారు. మర్నాడు వైస్రాయి ఇర్విన్ ఉభయ సభలనూ పిలిచి, ఆర్డినెన్సు తెస్తానన్నారు. తరవాత, బిల్లును ఆపే అలాంటి అధికారం అధ్యక్షుడికి లేకుండా నిబంధననే సవరించారు. నియమం తమవైపు పలకనప్పుడు దాన్ని మార్చుకున్నవాళ్లెవరో ఆ సవరణే చెబుతుంది.

బాంబుల తరవాత ఇంకో తగాదా మొదలైంది. సభాభవనంలో, గ్యాలరీల్లో భద్రత ఎవరి చేతిలో ఉండాలన్నది. పోలీసుల అదుపులో ఉండాలని ప్రభుత్వం, సభ ఆవరణకు అధ్యక్షుడే అధికారి అని విఠల్‌భాయ్. పట్టు వదలక కొంతకాలం గ్యాలరీలే మూయించారు. 1929 సెప్టెంబరులో సభకు సొంత కాపలా ఏర్పాటైంది. వాచ్ అండ్ వార్డ్ అన్న పేరు అలా వచ్చిందే. అదే ఏడాది జనవరి 10 నుంచి సభ కార్యాలయం కూడా ప్రభుత్వ శాఖల కింద నుంచి విడివడి అధ్యక్షుడి కిందికి వచ్చింది. 1930 ఏప్రిల్‌లో ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ రెండు ఏర్పాట్లూ ఉండిపోయాయి.

1946లో ఆ సభకు చివరి అధ్యక్షుడైన మావలంకర్ 1952లో తొలి లోక్‌సభ స్పీకరయ్యారు. ఆయన తరవాత స్పీకరైన తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగారు, 1934లోనే కేంద్ర శాసనసభకు వెళ్లి ఆ నిబంధనల కిందే ప్రశ్నలు వేయడం నేర్చుకున్నవారు. వాళ్లతో పాటే ఆ నియమాలూ చాలావరకు కొత్త సభలోకి నడిచొచ్చాయి. లోక్‌సభ 352వ నిబంధన చదివితే పాత ఉపన్యాస నిషేధాల జాబితా దాదాపుగా కనిపిస్తుంది. చక్రవర్తి పోయాడు, రాజద్రోహకరమైన మాట అనకూడదన్న నిషేధం ఉంది. ఆ ఒక్క ముక్కను తీసేయాలని నేను రాస్తూనే ఉన్నాను. అనుబంధ ప్రశ్నను మాత్రం ఎవరు కుదించబోయినా సభ్యులు పార్టీలకు అతీతంగా లేచి నిలబడాలి. దానికి 25 మందీ 50 మందీ అన్న లెక్క అక్కర్లేదు.