మీకు తెలుసా? ప్రింటర్ పోర్టులో ఎనిమిది స్విచ్చులున్నాయి!

పాత కంప్యూటర్ల వెనక 25 రంధ్రాల పొడవాటి సాకెట్ ఒకటి ఉండేది. పేరు పారలల్ పోర్టు. పెట్టింది ప్రింటర్ కోసమే అయినా, దాంతో బల్బులు వెలిగించినవాళ్లు, మోటార్లు తిప్పినవాళ్లు ఎందరో!

• అందులో 2 నుంచి 9 వరకు ఉన్న పిన్నులు డేటావి. ఒక్కో పిన్ను ఒక్కో బిట్. బిట్ 1 అయితే పిన్ను మీద సుమారు 5 వోల్టులు, 0 అయితే దాదాపు ఏమీ ఉండదు. 18 నుంచి 25 వరకు అన్నీ గ్రౌండే.

• మొదటి పోర్టు చిరునామా సాధారణంగా 888. క్యూబేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ‘అవుట్ 888, 255’ అని ఒక్క లైను రాస్తే డేటా పిన్నులకు తగిలించిన ఎనిమిది ఎల్‌ఈడీలూ వెలిగేవి. 255 బదులు 5 రాస్తే ఒకటోదీ మూడోదీ మాత్రమే. ఎందుకంటే 5 అంటే 4, 1 కలిస్తే వచ్చేది. 170, 85 మార్చి మార్చి పంపితే? ఒకటి విడిచి ఒకటి మినుకుమినుకుమనే సీరియల్ లైట్లు సిద్ధం!

• ప్రతి ఎల్‌ఈడీకీ వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ లాంటిది ఒకటి అడ్డం ఉండాల్సిందే. పోర్టు ఇచ్చేది కొద్ది మిల్లీ ఆంపియర్లే. అంతకు మించి లాగితే దానికే ముప్పు.

• మరి ఇంత కొద్ది కరెంటుతో ఫ్యాను ఎలా తిరిగేది? పోర్టు ట్రాన్సిస్టర్‌ని, ట్రాన్సిస్టర్ రిలే అనే కాయిల్ స్విచ్‌ని, రిలే ఫ్యానుని నడిపేవి. ఇంటి కరెంటు కంప్యూటర్ జోలికి రాదు. రిలేలను నడపడానికి పేరుపడ్డ యూఎల్‌ఎన్ 2003 చిప్‌లో ఏడు డ్రైవర్లుంటాయి. రిలే ఆగేటప్పుడు కాయిల్ ఎదురుకొట్టే వోల్టేజీని మింగే డయోడ్లు కూడా అందులోనే.

• పోర్టుకి చెవులూ ఉన్నాయి! ‘కాగితం అయిపోయింది’ అని ప్రింటర్ చెప్పడానికి పెట్టిన 12వ పిన్నుకి తలుపు స్విచ్ కలిపితే, తలుపు తీశారో లేదో కంప్యూటర్‌కి తెలిసిపోతుంది. 11వ పిన్నుది మాత్రం తిరకాసు: వోల్టేజీ ఉంటే 0, లేకపోతే 1 అని చదువుతుంది.

• సౌండ్ కార్డు లేని రోజుల్లో కొన్ని రెసిస్టర్లను నిచ్చెనలా పేర్చి ఈ పోర్టుకి తగిలిస్తే పాట వినిపించేది. 1987లో వచ్చిన ‘కోవాక్స్ స్పీచ్ థింగ్’ చేసింది ఇదే.

• విండోస్ ఎక్స్‌పీ మామూలు ప్రోగ్రాములను పోర్టు ముట్టుకోనివ్వలేదు. ప్రత్యేక డ్రైవర్ కావాల్సి వచ్చింది. తర్వాత యూఎస్‌బీ రాజ్యం. దానికి పిన్ను పిన్నుకీ స్విచ్ వేసే గుణం లేదు, మధ్యలో మైక్రోకంట్రోలర్ ఉండాలి. ఇటలీలోని ఇవ్రేయాలో 2005లో పుట్టిన ఆర్డువినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు ఆ లోటు తీర్చింది.

• రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌కైతే పిన్నులు బోర్డు మీదే ఉన్నాయి. కానీ అవి 3.3 వోల్టులవి. పాత అలవాటు కొద్దీ 5 వోల్టులు తగిలించారో, బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే!